టోపీ ఊపిన చెయ్యి

సువైక్, ఒమన్
7 సెప్టెంబరు 2025

ఆనందబాబు తాతయ్యకు,

మీ డయానా రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, కళ్ళద్దాలు వెతుక్కోకుండా చదవండి.

ఇక్కడి ఆసుపత్రిలో నా డ్యూటీ సగం వార్డులో, సగం ఊళ్ళో. మంచం పట్టిన ముసలివాళ్ళ ఇళ్ళకు బండిలో తీసుకుపోతారు. పుండ్లు కడిగి కట్టు కట్టడం, మనిషిని ఎలా తిప్పి పడుకోబెట్టాలో వాళ్ళ కోడళ్ళకు చూపించడం నా పని. దారి పొడవునా ఖర్జూరం తోటలే. సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన వస్తే మన జువ్వలదిన్నె గాలి గుర్తొస్తుంది. నాతో వచ్చిన నర్సులందరూ మస్కట్ కావాలంటే నేను సువైక్ అడిగాను. ఆఫీసులో నన్ను ఎగాదిగా చూశారు. మా తాత అడగమన్నాడని చెబితే నవ్వుతారని ఊరుకున్నాను.

ఖతర్ ఉద్యోగం చేతికొచ్చినప్పుడు వద్దని, ఒమన్ అయితేనే పొమ్మని మీరు పట్టుబట్టారు. "చెవుడికి తోడు మొండితనం ఒకటి" అని అమ్మ ఎంత తిట్టినా మీకు వినపడలేదు. విమానం ఎక్కే రోజు నా చేతిలో నెలవంక ఆకారం వెండి బిళ్ళ పెట్టి, ఇది మా నాయన గుర్రం నుదుటిది, ఆ గుర్రం పుట్టిన ఊరు సువైక్, చూసి రా అన్నారు. చూస్తున్నాను తాతయ్యా. గుర్రాలు కట్టేసి ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగుతున్నాను.

ఇంకో సంగతి. నెల్లూరు పాత సినిమాల సంఘం వాళ్ళకు ముత్తాత నటించిన మూకీ చిత్రం ముక్క ఒకటి దొరికిందట. అమ్మ ఫోన్‌కి పంపితే అమ్మ నాకు పంపింది. రెండు గుర్రాలు పక్కపక్కన దౌడు తీస్తుంటాయి. వాటి వీపుల మీద ఇద్దరు మనుషులు నిటారుగా నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఉంటారు. ఒకాయన ముత్తాత. రెండో మనిషి ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. ముత్తాత టోపీ తీసి మనవైపు ఊపడంతో ముక్క అయిపోతుంది. ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

నవంబరులో సభ పెట్టి మీకు శాలువా కప్పుతారట. ఆయన జీవితం మీద వ్యాసం నన్ను రాయమన్నారు. మన ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనొక్కదాన్నే కదా, ఇది నేను బాగా రాయాలి. మీకు తెలిసిందంతా రాసి పంపండి. ఆ రెండో మనిషి ఎవరో కూడా.

ఇట్లు,
మీ ఉత్తరం కోసం రోజూ గేటు దగ్గర అడిగే,
డయానా


కావలి
20 సెప్టెంబరు 2025

దేవుని రెక్కల నీడనున్న మా డయానమ్మకు,

తాత దీవించి రాయునది. నా మోకాళ్ళ నొప్పి అట్లాగే ఉంది. ఈ యేడు వాన ఆలస్యం. మీ అమ్మ దెబోరా నా మాట వినదు, నాకు దాని మాట వినపడదు, ఇద్దరం సమాధానంగా ఉన్నాం.

మా నాయన నతానియేలు గురించి అడిగావు. మనవాళ్ళు చెప్పులు, జీన్లు కుట్టేవాళ్ళు. మిషన్ కాంపౌండులో అమెరికా దొర గుర్రానికి జీను కుట్టి, సరిపోయిందో లేదో చూడాలని తానే ఎక్కి కూర్చున్నాడంట. దొర కసురుతాడనుకుంటే నవ్వి, రోజూ గుర్రాన్ని తిప్పుకురమ్మన్నాడు. స్వదేశం పోతూ తన ఫెల్టు టోపీ ఇచ్చాడు. ఇప్పుడు నా మంచం పైన మేకుకు ఉన్నది అదే. తరవాత గుర్రాల సర్కసుతో మద్రాసు, అక్కణ్ణుంచి బొంబాయి. అమెరికా కౌబాయి బొమ్మలంటే జనం విరగబడే కాలం. అట్టాంటివాడు మనకూ ఒకడు కావాలని బొమ్మలు తీసే బొంబాయి సేటు వెతుకుతుంటే, టోపీతో సహా దొరికినవాడు మా నాయన. మెడకు రుమాలు, నడుముకు తుపాకి, చేతిలో ఉచ్చుతాడు. తెర మీద పేరు సవారి నాథ్.

అవి మాటల్లేని బొమ్మలు. తెర పక్కన ఒకడు నిలబడి కథ చెప్పేవాడు. పూనాలో మరాఠీ, కావలిలో తెలుగు. అందుకని మా నాయన ప్రతి ఊళ్ళోనూ ఆ ఊరివాడే. మనల్ని తమ అరుగు మీద కూర్చోనివ్వని వాళ్ళు కావలి డేరాలో ఆయన్ని చూసి ఈలలు వేశారు. ఆయన మన పేటవాడని వాళ్ళకు తెలియదు. బొమ్మ నోరు తెరిస్తే కదా తెలియడానికి.

తరవాత మాటల బొమ్మ వచ్చింది. మైకు ముందు నిలబెడితే ఆయన నోరు పెగల్లేదు. అంతటితో ఆ రోజులు అయిపోయాయి. తిరిగొచ్చి కావలి స్టేషను దగ్గర జట్కా తోలాడు. జట్కా తోలినన్నాళ్ళు గుర్రాన్ని బిడ్డలా చూసుకున్నాడు గానీ దాని వీపు ఎక్కగా నేను చూడలేదు.

నీ వ్యాసానికి ఇది చాలు. రెండో మనిషి గుర్రాలతో పాటు పడవలో వచ్చి వాటిని చూసుకునే సాయీసు. పేరు యాకూబ్. అతన్ని గురించి రాయనక్కరలేదు.

కీర్తనలు నూట ఇరవై ఒకటి రోజూ చదువు.

నీ క్షేమము కోరు,
తాత ఆనందబాబు


సువైక్
6 అక్టోబరు 2025

తాతయ్యకు,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆ గుర్రం ఇల్లు దొరికింది.

నేను కట్టు కట్టడానికి వెళ్ళే ఇళ్ళలో ఉమ్ ఫహద్ అనే ముసలమ్మ ఉంది. ఉమ్ ఫహద్ అంటే ఫహద్ తల్లి. ఇక్కడ పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. తొంభై దాటిన మనిషి, తుంటి విరిగి మంచాన పడింది. నన్ను బింతీ అంటుంది, అంటే బిడ్డా అని. కట్టు కడుతున్నంతసేపూ నొప్పి తెలియకుండా నా చెయ్యి పట్టుకుని ఉంటుంది. కొడుకు ఫహద్‌కి యాభై దాటాయి, గుర్రాలు పెంచుతాడు. నాతో హిందీలో మాట్లాడి తల్లికి అరబ్బీలో చెబుతాడు.

వాళ్ళ గదిలో గోడకు ఒక పాత కళ్ళెం వేలాడుతోంది. దాని నుదుటి పట్టీకి ఒక పక్క వెండి నెలవంక ఉంది, రెండో పక్క ఖాళీ. నేను బ్యాగులోంచి మన బిళ్ళ తీసి పక్కన పెట్టాను. తాతయ్యా, రెండూ ఒక అచ్చులో పోసినవి. ముసలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది. చాలాసేపు ఇవ్వలేదు.

యాకూబ్ ఆమె తండ్రి. ఖర్జూరం పడవల్లో గుర్రాలను తీసుకుని బొంబాయి పోయాడు. అప్పటికి ఆమె తల్లి కడుపులో ఉంది. ఒక గుర్రం అతని అన్నది, ఆ యేడాది పనికి వాడుకుని తిరిగి తేవాలి. అతనూ రాలేదు, గుర్రమూ రాలేదు. అన్నదైన ఆ గుర్రాన్ని అమ్ముకుని యాకూబ్ బొంబాయిలో ఇంకో కాపురం పెట్టాడని, పడవలవాళ్ళు ఈ కళ్ళెం ఒక్కటి తెచ్చిచ్చి చెప్పారట. ఆమె దొంగ కూతురుగా పెరిగింది. పెళ్ళిలో కూడా ఆ మాట అన్నారట. ఆమె మాత్రం నమ్మలేదు. బతికుంటే వచ్చేవాడు అనేది ఆమె మాట, చిన్నప్పటి నుంచీ అదే మాట.

నేను ఫోన్‌లో సినిమా ముక్క చూపించాను. ఫహద్ ఎగిరి నిలబడ్డాడు. "ఇది మా పరుగు సిస్టర్, మా బాతినా తీరం వాళ్ళ పరుగు" అన్నాడు. శుక్రవారాల్లో మైదానంలో ఇలాగే జంటగా గుర్రాల మీద నిలబడి దౌడు తీస్తారట. ఒక చేతిలో కళ్ళెం, రెండో చెయ్యి తోటివాడి భుజం మీద. గుర్రాలు ఆగేదాకా ఆ చెయ్యి తియ్యకూడదు. ముత్తాత టోపీ తీయగానే ఫహద్ నవ్వు ఆగిపోయింది.

"ఆ చెయ్యి ఎందుకు తీశాడు?" అన్నాడు.

సినిమా కదా, హీరో కదా అన్నాను.

ముసలమ్మ అడిగింది ఒక్కటే. తన తండ్రి తరవాత ఏమయ్యాడు? మీకు తెలిసే ఉంటుందని మాట ఇచ్చి వచ్చాను. ఆమె గుండె బలహీనంగా ఉంది. త్వరగా రాయండి.

వ్యాసం పంపేశాను. చివరి వాక్యం: "ఆ టోపీ ఊపిన చెయ్యి మా పేట మొత్తాన్ని లోకానికి పరిచయం చేసింది."

మీ
డయానా


కావలి
18 అక్టోబరు 2025

డయానమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఆ తల్లిని దేవుడు ఓదార్చును గాక.

యాకూబ్ మంచివాడు. బొమ్మల పని మానేసి బొంబాయిలోనే స్థిరపడ్డాడు. అత్తరు దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళాం బిడ్డలతో ఏ లోటూ లేకుండా బతికి, ముసలితనంలో ప్రశాంతంగా కన్నుమూశాడని మా నాయన చెప్పాడు. చివరిదాకా ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉన్నారు. ఆమె తండ్రి సుఖపడ్డాడని చెప్పు. వయసు మళ్ళిన మనిషికి అంతకన్న ఏం కావాలి.

సభ నవంబరు పదహారు, ఆదివారం సాయంత్రం. సంఘంవాళ్ళు ఆ టోపీ కూడా తెమ్మన్నారు.

బిళ్ళ ఆమెకే ఇచ్చేయి. మన దగ్గర వద్దు.

తాత


సువైక్
2 నవంబరు 2025

తాతయ్యా,

మీరు రాసింది రాసినట్టు చెప్పాను. ఆమెకు ఊరటగా ఉంటుందనే చెప్పాను. అత్తరు దుకాణం అని, పిల్లలని, ముసలితనమని. ఫహద్ ఒక్కో మాటా అరబ్బీలో అంటుంటే ఆమె నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది. దుప్పటి కిందికి పెట్టేసుకుంది.

మనమేం చేశామో నాకు అప్పుడు తెలిసింది. చచ్చిపోయాడు కాబట్టి రాలేదు అని ఆమె ఇన్నేళ్ళూ ఊరితో వాదించింది. మీ ఉత్తరంతో ఊరు గెలిచింది. తండ్రి బతికి ఉండీ రాలేదు. వేరే పిల్లలను ఎత్తుకున్నాడు.

బిళ్ళ ఇస్తే తీసుకోలేదు. గోడ మీది కళ్ళెం కూడా తీసేయమంది. ఆ రోజు నుంచి ఆమె అన్నం ముట్టడం లేదు. మంచినీళ్ళు చెంచాతో పోస్తే సగం పక్కకు కార్చేస్తోంది. డాక్టరు గొట్టం వేద్దామంటే ఫహద్ ఆమెను అడిగాడు, ఆమె కళ్ళు మూసుకుంది. ఇప్పుడు నన్ను బింతీ అనడం లేదు.

ఇంకొకటి. వ్యాసం పక్కన వేయడానికి మంచి బొమ్మ కావాలని అడిగితే, సంఘం అబ్బాయి మొత్తం ముక్క పంపాడు. మనం చూసింది సభ కోసం కత్తిరించినదట. అసలుది ఇంకా కొంచెం ఉంది. ముత్తాత టోపీ ఊపుతాడు. తరవాత గుర్రాలు కెమెరాను దాటి పోతాయి. రెండో గుర్రం వీపు మీద ఎవరూ లేరు.

ముత్తాత వెనక్కి చూస్తున్నాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

అమ్మ ఫోన్‌కి రాసి, మీకు చూపించమని అడగొచ్చు. కానీ అమ్మకు చదవడం రాదు, ఏది వచ్చినా ముందు పక్కింటివాళ్ళు చదివిపెట్టాలి. ఈ మాట పక్కింటి గుండా రాకూడదు. అందుకే టపాలో వేస్తున్నాను. అత్తరు దుకాణం నిజమా తాతయ్యా? నాకు నిజం రాయండి. వెంటనే రాయండి. ఆమెకు ఇంక ఎక్కువ రోజులు లేవు.

డయానా


కావలి
17 నవంబరు 2025

డయానా,

నీ ఉత్తరం సభకు మూడు రోజుల ముందు వచ్చింది. జేబులో పెట్టుకునే సభకు పోయాను. ఈ ఉత్తరం చదివాక నువ్వు నన్ను తాతా అని పిలవకపోయినా నేను తప్పు పట్టను.

అత్తరు దుకాణం లేదు. నేను కల్పించాను.

మా నాయనకు గుర్రం మీద కూర్చోవడం వచ్చు. నిలబడటం నేర్పింది యాకూబ్. బొమ్మల్లో దూరం నుంచి తీసినప్పుడు టోపీ పెట్టుకుని లోయలు దూకింది కూడా అతనే. దగ్గరికి వస్తే మా నాయన ముఖం. అట్లా ఇద్దరూ కలిసి ఒక సవారి నాథ్. యాకూబ్‌కు ముఖం కనపడకపోయినా బాధ లేదు, కూలి తీసుకుని, ఊరి వైపు గాలి తిరగగానే పడవెక్కితే చాలు. ఊళ్ళో పెళ్ళాం నీళ్ళాడబోతోందని, కొడుకైనా కూతురైనా గుర్రం ఎక్కిస్తానని అంటుండేవాడంట.

ఆఖరి బొమ్మలో ఈ జంట పరుగు పెట్టారు. సేటు మా నాయనను పక్కకు పిలిచి, ఇద్దరూ ఒకేలా కనపడితే హీరో ఎవరో జనానికి ఎట్టా తెలుస్తుంది, కెమెరా దగ్గరికి రాగానే టోపీ తీసి ఊపు అన్నాడు. ఒక చేతిలో కళ్ళెం ఉంది. ఊపాలంటే యాకూబ్ భుజం మీది చెయ్యే తియ్యాలి. యాకూబ్‌కు చెబితే ఒప్పుకోడని సేటు చెప్పొద్దన్నాడు. మా నాయన చెప్పలేదు.

చెయ్యి తీశాడు. అతను పడ్డాడు. వెనక వచ్చే దొంగల గుర్రాలు, బొమ్మలోని దొంగల గుర్రాలే, అతని మీదుగా పోయాయి.

రేవు పక్క గోరీల దొడ్లో పాతిపెట్టారు. మోసినవాళ్ళలో మా నాయన ఒకడు. సేటు గుర్రాన్ని అమ్మేశాడు. ఖర్జూరం పడవలవాళ్ళు వచ్చి యాకూబ్ ఏడని అడిగితే, గుర్రాన్ని అమ్ముకుని పారిపోయాడని సేటే చెప్పి, మిగిలిన కళ్ళెం వాళ్ళ చేతిలో పెట్టాడు. మా నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ తరవాత పడవలు వచ్చినప్పుడల్లా రేవు దాకా పోయి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చేవాడంట. కళ్ళెం మీద నుంచి ఊడి పడిన ఆ బిళ్ళ ఒక్కటి దాచుకున్నాడు.

జనం ఆ టోపీ ఊపడానికే వెర్రెత్తిపోయారు. దేశమంతా ఆ బొమ్మే గోడలకు అంటించారు. మాటల బొమ్మ వచ్చి ఆయన్ని పడగొట్టిందని మనం చెప్పుకుంటున్నాం. ఆయన గుర్రం ఎక్కలేకపోయాడమ్మా. మాట రావడం ఆయనకు దొరికిన సాకు.

పోయే ముందు నాకు ఇదంతా చెప్పి బిళ్ళ ఇచ్చాడు. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఆదివారం బడి పిల్లలకు నేను చెప్పింది మాత్రం టోపీ కథే. మనకంటూ చెప్పుకోవడానికి ఆ ఒక్కటే ఉంది డయానా, ఆ ఒక్కటీ పోగొట్టుకోలేకపోయాను. నిన్ను ఒమన్ పొమ్మన్నది ఎందుకంటే, ఆ బిళ్ళ నీ చేతి మీదుగా ఎవరికో చేరిపోతుందని, నేను నోరు తెరవకుండానే పని అయిపోతుందని. ఆమె ఇంకా బతికి ఉంటుందని, అడుగుతుందని నేను అనుకోలేదు.

నిన్న నీ వ్యాసం చదివారు. చివరి వాక్యం దగ్గర జనం లేచి నిలబడ్డారు. ఆ ముక్క వేశారు, టోపీ దగ్గర ఆపారు. చప్పట్లు నాకు వినపడవు, చేతులు కనపడ్డాయి. అన్ని చేతులు. లేచి చెబుదామని కుర్చీ పట్టుకున్నాను. శాలువా కప్పారు. మళ్ళీ కూర్చున్నాను.

నువ్వు చెప్పు. ఆమెకు చెప్పు. నా పేరు దాచకుండా చెప్పు.

ఆనందబాబు


సువైక్
6 డిసెంబరు 2025

తాతయ్యా,

తాతయ్యా అనే రాస్తున్నాను. ఇంకెలా రాయాలో నాకు తెలియదు.

మీ ఉత్తరం చేరేసరికి ఉమ్ ఫహద్‌ను మట్టి చేసి రెండు రోజులైంది. చివర్లో ఆమె దగ్గర ఉన్న నర్సు నేను కాదు. నన్ను రానివ్వొద్దని ఆమే చెప్పిందట.

అయినా వెళ్ళాను. పరామర్శకు వచ్చిన మగవాళ్ళు ముందు గదిలో వరసగా కూర్చుని ఉన్నారు. ఫహద్‌ను బయటికి పిలిచి, మీరు రాసిందంతా గుమ్మం దగ్గరే హిందీలో చెప్పాను. అంతా అయ్యాక అన్నాడు, "సిస్టర్, నువ్వు మొదట తెచ్చిన మాటే మా అమ్మ తీసుకుపోయింది."

ఆ మాట ఉన్నది ఉన్నట్టు మీకు రాస్తున్నాను.

సినిమా అడిగాడు. ఫోన్ లోపలికి పట్టుకుపోయి పెద్దవాళ్ళ మధ్య పెట్టాడు. యాకూబ్‌ను దొంగ అన్నవాళ్ళ కొడుకులూ మనవళ్ళూ వాళ్ళే. గుమ్మంలోంచి నాకు వాళ్ళ వీపులు కనపడ్డాయి. నేను పెట్టి ఇచ్చింది కత్తిరించని ముక్క. ఖాళీ వీపుతో గుర్రం వచ్చినప్పుడు ఒక ముసలాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మళ్ళీ వేయమన్నారు. ఎంతసేపు చూసినా రుమాలు కట్టుకున్న ముఖమే. కూతురు కూడా ఆ ముఖాన్నే చూసింది, అత్తరు దుకాణం మాట విన్న రోజున దాన్నే అసహ్యించుకుంది.

ఫహద్ చెయ్యి చాపితే వెండి బిళ్ళ ఇచ్చేశాను.

నిన్న శుక్రవారం. నాకు సెలవు. ఫహద్ నా రూమ్ కిందికి బండి తెచ్చి, "నువ్వు చూడాలి" అన్నాడు, అంతే. మైదానంలో జనం రెండు వైపులా నిలబడి ఉన్నారు. జంటలు జంటలుగా పరుగులు అయ్యాయి, అందరూ కేకలు వేశారు. చివర ఫహద్ వచ్చాడు. రెండు గుర్రాలు పక్కపక్కన, రెండింటి కళ్ళేలూ అతని ఎడమ చేతిలోనే. రెండో గుర్రానికి గోడ మీది పాత కళ్ళెం వేశాడు, నుదుటికి రెండు వైపులా నెలవంకలు మెరుస్తున్నాయి. దాని వీపు మీద ఎవరూ లేరు. ఫహద్ దౌడులో లేచి నిలబడ్డాడు. కుడి చెయ్యి పక్కకు చాపి, అక్కడ భుజం ఉన్నట్టే గాలిలో నిలిపాడు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆ చెయ్యి దించలేదు. ఎవరూ కేక వేయలేదు.

గుర్రాలు ఆగాక, మా తాతకు ఏమైనా చెప్పమంటారా అని అడిగాను. ఏమీ లేదన్నాడు. గుర్రానికి నీళ్ళు పెట్టుకోవడానికి పోయాడు.

సంఘంవాళ్ళకు నా వ్యాసం వెనక్కి ఇమ్మని, మొత్తం ముక్క వేసి కింద యాకూబ్ పేరు, సువైక్ పేరు రాయమని రాశాను. ఇంకా జవాబు లేదు.

నిన్నటి పరుగు ఫోన్‌లో తీశాను. అమ్మకు పంపుతున్నాను, మీకు చూపిస్తుంది. దాంట్లో కేకలు వినపడలేదని బాధపడకండి, అక్కడ కూడా లేవు. చివరిదాకా చూడండి. నేను ఎక్కడా కత్తిరించలేదు.

డయానా